వార్త పాఠమైన వేళ



న్యూ టౌన్‌లో కాపురముండు తెలుగువారికి ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయపు రెండవ ప్రాంగణము తెలిసినదే. ఆ దారిని పోవుచు, తమ పిల్లలలో ఒకరైనను అందు చదివిన బాగుండునని తలపని తల్లిదండ్రులు అరుదు. ఆ విశ్వవిద్యాలయమునకు మూలము 1817లో కలకత్తాలో వెలసిన హిందూ కళాశాల. 1855లో అది ప్రెసిడెన్సీ కళాశాలయై, 2010లో విశ్వవిద్యాలయమైనది. నేటి ప్రసంగ విషయము, బడిలో వార్తాపత్రికను ముందుంచుకొని సంఘమును గూర్చి చర్చించుట. ఇది తగునా తగదా అను ప్రశ్న ఈ దేశమున మొదట గట్టిగా తలయెత్తిన చోట్లలో ఆ కళాశాల యొకటి. కావున అక్కడనుండి మొదలిడుట యుచితము.

1826లో హెన్రీ లూయీ వివియన్ డెరోజియో అను యువకుడు హిందూ కళాశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. అప్పటికి ఆతనికి పదునేడేండ్లు. ఆ యీడున నేటి పిల్లలు పండ్రెండవ తరగతి పరీక్షల బెంగతో నుందురు! ఆతడు పాఠము చెప్పి ఊరకుండక, 1828లో విద్యార్థులతో ఒక చర్చా సమాజమును నెలకొల్పెను. విగ్రహారాధన, విధి, సత్యము, దేశభక్తి, ఇత్యాది విషయములపై అక్కడ వాదములు సాగెడివి. 1830 ఫిబ్రవరిలో ఆ విద్యార్థులు పార్థినాన్ అను పేర ఒక పత్రికను వెలువరించిరి. మొదటి సంచికలోనే స్త్రీవిద్యను గూర్చియు, న్యాయస్థానములకు పోయినవానికి అగుచున్న వ్యయమును గూర్చియు వ్రాసిరి. రెండవ సంచిక అచ్చయినది గాని, కళాశాల పాలకులు దానిని పంచనీయలేదు. మరుసటియేడు ఏప్రిల్‌లో డెరోజియో ఉద్యోగము వదలుకొనవలసివచ్చెను. అదే సంవత్సరము, అనగా 1831 డిసెంబరు 26న, కలరా సోకి మరణించెను. ఆతడు బ్రదికినది 22 ఏండ్లు.

ఇక్కడ గమనింపదగినది యొకటి కలదు. కలకత్తాకు పత్రికలు క్రొత్తవి కావు. హికీ తన గెజెట్టును 1780లోనే ఆరంభించెను. రామమోహనరాయలు 1821లో సంవాద కౌముదిని నడపెను. సహగమనమును నిషేధించు శాసనము 1829లో వచ్చునప్పటికి, దానికి అనుకూలముగను ప్రతికూలముగను ఈ నగరమున పత్రికలు ఘోరముగా పోరాడియుండెను. ఇండ్లలో తండ్రులు చదివి వాదులాడుకొనిన విషయములే అవి. అవే విషయములు కొడుకుల బెంచీమీదికి వచ్చిన క్షణమున పెద్దలకు గుండె బెదరినది. తనపై వచ్చిన ఆరోపణలకు డెరోజియో ఇచ్చిన సమాధానములో ముఖ్యాంశము, తాను ఏదో యొక పక్షమును పిల్లల తలలోనికి ఎక్కింపలేదనియు, రెండు పక్షముల వాదములను వారి యెదుట నుంచితిననియు. ఆనాటి పాలకులకు ఈ సమాధానము నచ్చలేదు. నిజము చెప్పవలెనన్న నేటికిని చాలమందికి నచ్చదు. ఒక పక్షమును బోధించు ఉపాధ్యాయునితో తగవు పెట్టుకొనవచ్చును. రెండు పక్షములను చూపు వానితో తగవు పెట్టుకొనుట కష్టము.

తెలుగునాట ఈ పనికి ఉపాధ్యాయుడును పత్రికాధిపతియు ఒక్కడే యైన సందర్భము తటస్థించినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని ఆరంభించిరి. ఆ సంవత్సరముననే ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల స్థాపించిరి. ఈ రెండును ఒకే యేట జరుగుట కాకతాళీయము కాదు. పత్రికలో స్త్రీవిద్యను గూర్చి వ్రాసినవానిని, ఏదీ నీ బడి యెక్కడయని ఊరివా రడుగక మానరు. తరువాత రాజమహేంద్రవరమున తెలుగు పండితుడుగా నున్నప్పుడు ఆయన విద్యార్థులే ఆయన తొలి పాఠకులు, తొలి నటులు, తొలి అనుచరులు. కోర్టులలోని లంచగొండితనమును ఎగతాళిచేయుచు వ్రాసిన వ్యవహార ధర్మబోధినిని 1880లో విద్యార్థులచేత ప్రదర్శింపజేసిరి. పత్రికలో చదివినది రంగస్థలముమీద పలికినప్పుడు, ఆ మాటలు చెప్పినవాడు పొరుగింటి కుఱ్ఱవాడైనప్పుడు, ఊరిలో కలిగిన కలవరము ఊహింపదగినదే.

ఎదిరిపక్షమునకును పత్రిక యుండెను. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి ఆంధ్రభాషా సంజీవని స్త్రీవిద్యను ఒప్పుకొనలేదు. ఆయన మహాపండితుడు, ఆయన వాదమును తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. ఆనాటి చదువరికి ఇరువురి వ్రాతలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచు అవకాశము లభించెను. ఒక తరము యువకుల తీర్పు ఈ రెండిటి నడుమ రూపొందెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగినప్పుడు, బంధుగులు ముఖము చాటువేయగా, పంతులుగారికి అండగా నిలిచినవారిలో విద్యార్థులు ముఖ్యులు. వీరేశలింగముగారికి దక్షిణదేశపు విద్యాసాగరుడని పేరు వచ్చుటయు ఈ వంగదేశముతో ఆంధ్రదేశమునకు గల చుట్టరికమే. విద్యాసాగరుని కృషివలన వితంతు వివాహ శాసనము 1856లోనే వచ్చియున్నను, గోదావరి తీరమున అది ఒక యింటి పందిరిలోనికి వచ్చుటకు పాతికయేండ్లు పట్టినది.

అయితే హిందూ కళాశాలయందైనను, రాజమహేంద్రవరమునందైనను తరగతిలో కూర్చున్నవారు చదువుకొన్న కుటుంబముల మగపిల్లలు. చర్చ స్త్రీలను గూర్చి జరిగినను స్త్రీలు అందు లేరు. వితంతువు పాఠ్యవిషయమైనదేగాని విద్యార్థిని కాలేదు. ఈ లోపము తీరి, ఎవరి కష్టమో వారే పలకపట్టుకొని తరగతిలో కూర్చుండి మాటలాడిన ఘట్టము కొఱకు నూరేండ్లకు పైగా ఆగవలసివచ్చినది. అది నెల్లూరు జిల్లా కలిగిరి మండలములోని దూబగుంట గ్రామమున జరిగినది. నేటి ప్రసంగమునకు అసలు విషయము అదియే.

జాతీయ సాక్షరతా మిషన్ 1988లో ఏర్పడినది. ఆ కార్యక్రమము క్రింద 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగెను. పగలెల్ల కూలికి పోయివచ్చిన స్త్రీలు రాత్రి తరగతులకు వచ్చిరి. వారికి చదువు చెప్పు పద్ధతి, చిన్నపిల్లల బడి పద్ధతి కాదు. మొదట ఒక బొమ్మను చూపుట. ఆ బొమ్మలో ఏమున్నదో వారిచేతనే చెప్పించుట. ఆ మాటలలోనుండి ఒక పదమును తీసికొనుట. ఆ పదమును విడదీసి అక్షరములు నేర్పుట. అనగా మాట ముందు, అక్షరము తరువాత. ఆవును చూపి ‘ఆ’ నేర్పినచో, పుట్టినది మొదలు పాలుపితికిన స్త్రీకి ఆవును గూర్చి ఉపాధ్యాయునికంటె ఎక్కువ తెలియును. మాటలాడుటకు అందేమియు లేదు. వాచకములో ‘సీతమ్మ కథ’ అను పాఠము చేరినది. అది సారాను గూర్చినది. అంతటితో తరగతి తీరు మారిపోయినది.

‘సారా’ అను మాటను పరికించుడు. రెండే అక్షరములు, దీర్ఘము తప్ప వేరు గుణింతము లేదు, ఒత్తు లేదు. క్రొత్తగా బలపము పట్టిన చేతికి ఇంతకంటె సులభమైన మాట దొరకదు. వ్రాయుటకు ఇంత తేలికైన మాటలో తమ కూలిడబ్బులు, బిడ్డల ఆకలి, వీపుపై దెబ్బలు అన్నియు ఉన్నవని ఆ స్త్రీలకు ఎవరును చెప్పనక్కరలేదు. ఒకతె తన యింటి సంగతి చెప్పెను. ప్రక్కనున్నామె, మాయింటను అదే తీరు అనెను. ఇంతవరకు ఎవరి కర్మ వారిదని నాలుగుగోడల నడుమ ఏడ్చుకొన్న విషయము, అందరి విషయమని తెలియుటకు ఒక తరగతిగది కావలసివచ్చినది. అక్షరములు నేర్చుటకంటె ముందే ఈ తెలివి కలిగినదనుట పొరపాటుగాదు.

ఇట్టి పద్ధతికి ప్రపంచమున ప్రసిద్ధుడైన ఆచార్యుడు బ్రెజిల్ దేశీయుడగు పౌలో ఫ్రెయిరీ. 1963లో అంజికోస్ అను ఊరిలో సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటలలో చదువను వ్రాయను నేర్పిన ప్రయోగము ఆయనది. మరుసటి సంవత్సరము సైనికులు ప్రభుత్వమును కైవసము చేసికొని, ఆయనను కారాగృహమున నుంచిరి. పిదప ఆయన దేశము విడిచి పోవలసివచ్చెను. ఓనమాలు దిద్దించు పంతులును చూచి సైన్యము భయపడుట వింతగా తోచును. డెరోజియో కథను విన్నవారికి అంత వింతగా తోచదు.

దూబగుంట స్త్రీలు తరగతిలో మాటలాడుకొని అంతటితో ఇంటికి పోలేదు. వర్ధినేని రోశమ్మ మొదలైనవారు ముందునడువగా ఊరిలోని సారా దుకాణమును మూయించిరి. అప్పుడు మఱియొక విశేషము జరిగినది. వారు చేసిన పనియే అక్షరాస్యతా వాచకములో పాఠమైనది. ‘ఆడవాళ్లు ఏకమైతే’ అను ఆ పాఠమును ఇతర గ్రామముల స్త్రీలు తమ రాత్రితరగతులలో చదివిరి. కథ పని యైనది. పని తిరిగి కథ యైనది. ఆ కథ మరికొన్ని యూళ్లలో మరల పని యైనది. 1992 నాటికి ఉద్యమము నెల్లూరు జిల్లాయంతటను వ్యాపించి, పొరుగు జిల్లాలకు ప్రాకినది. సారా బండ్లను ఊరిలోనికి రానీయకుండుట, పొట్లములను తగులబెట్టుట, వేలముపాటలు జరుగకుండ అడ్డుకొనుట నిత్యకృత్యములైనవి. చీపురుకట్టలు, కారపుపొడి వారి ఆయుధములు. వంటింటిలో దొరకని ఆయుధమేదియు వారు వాడినట్లు లేదు.

ఇక పత్రిక సంగతి. ఈనాడు దినపత్రిక 1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున పుట్టినది. 1989లో అది జిల్లాకొక అనుబంధమును ముద్రించుట ప్రారంభించెను. ఇది చూచుటకు వ్యాపారవిషయమేగాని, దీని ఫలితము చాల పెద్దది. అంతకుముందు కలిగిరి వంటి చోట జరిగిన విషయము పత్రికకెక్కవలెనన్న అది రాష్ట్రమంతటికి ఆసక్తికరమై యుండవలెను; హత్యయో, తుపానో, మంత్రిగారి రాకయో కావలెను. జిల్లా అనుబంధమునకు ప్రతిదినము పుటలు నింపవలసియున్నది గనుక, మండలములలోని విలేఖరులు ఊరూర తిరిగి వార్తలు తేవలసివచ్చినది. ఒక యూరి స్త్రీలు దుకాణము మూయించిరన్న వార్త మరునాటి యుదయము పొరుగూరి టీదుకాణమున చదువబడెను. అక్షరములు క్రొత్తగా కూడబలుకుకొనుచున్న స్త్రీకి, తన యూరి పేరు అచ్చులో కనబడుటకంటె గొప్ప వాచకము వేరొకటి కలదా! పిమ్మట ఆ పత్రిక సారా వ్యతిరేకోద్యమమునకు ప్రత్యేకముగా స్థలము కేటాయించి, దినదినము వార్తలు ప్రకటించెను.

ఇక్కడ పత్రికను పొగడి ఊరకుండుట సులభము. కాని విద్యార్థులకు ఇంకొక సంగతియు చెప్పవలసియున్నది. పత్రికకు పాఠకులు కావలెను. ఉద్యమవార్తలు పాఠకులను తెచ్చును. నాటి రాష్ట్రప్రభుత్వము కాంగ్రెసు పక్షమునది. ఈనాడు ఆ పక్షమును తీవ్రముగా విమర్శించుటకు పేరుపడినది. ఈ కారణములచేత నెల్లూరు స్త్రీల బాధ అబద్ధమైపోదు. వార్త నిజమే, వార్తను మొదటిపుటలో వేయుటకు గల కారణములు మాత్రము ఒకటికంటె ఎక్కువ. వార్తను నమ్మవలెనా మానవలెనా అని మాత్రమే పిల్లల నడుగు ఉపాధ్యాయుడు సగము పాఠమే చెప్పినవాడగును. ఎవరు వ్రాసిరి, ఎందుకు ఈనాడు వ్రాసిరి, నిన్న ఎందుకు వ్రాయలేదు అను ప్రశ్నలు మిగిలిన సగము.

ప్రభుత్వపు పక్షమును కూడ తరగతిలో పెట్టవలెను. 1970–71లో సుమారు 39 కోట్ల రూపాయలున్న ఆబ్కారీ రాబడి 1991–92 నాటికి సుమారు 812 కోట్లకు పెరిగినది. ఈ సొమ్ము బొక్కసమునకు చేరి, అక్కడనుండి బళ్లకు, ఆస్పత్రులకు, కిలోరెండురూపాయల బియ్యమునకు, ఉద్యోగుల జీతములకు పంపకమగును. రాత్రిబడి నడపుటకు రాష్ట్రము ఖర్చుపెట్టిన సొమ్ములో సారా సొమ్ము ఎంత యున్నదో ఏ లెక్కలగుమాస్తాయు వేరుచేసి చూపలేడు. ఒక చేతితో పోసి, మరియొక చేతితో అక్షరము దిద్దించిన ప్రభుత్వమునకు చివర ఏ చేతిని ముడుచుకొనవలెనో తేల్చుకొనక తప్పినది కాదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారాను నిషేధించిరి. 1994 ఎన్నికలలో నందమూరి తారకరామారావుగారు సంపూర్ణ మద్యనిషేధమును వాగ్దానము చేసి గెలిచి, ప్రమాణస్వీకారము నాడే ఆ దస్త్రముపై సంతకము చేసిరి. అది 1995 జనవరి 16 నుండి అమలులోనికి వచ్చెను. 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము ఆ నిషేధమును సడలించినది. సారాపై నిషేధము మాత్రము నిలిచెను. రాబడి తగ్గుటయు, పొరుగు రాష్ట్రములనుండి దొంగరవాణి పెరుగుటయు సడలింపునకు చెప్పిన కారణములు.

కావున ఇది జయమా, అపజయమా? దూబగుంటను ఎన్నికల కథగా చెప్పువారు అపజయమందురు. సారా పొట్లము మరల ఊరిలోనికి రాలేదు గనుక జయమనువారును కలరు. పదునారేండ్ల బాలికకు 1992 నాటి పుటను, 1997 నాటి పుటను చేతికిచ్చి, ఈ రెండిటి నడుమ ఏమి జరిగినదో కనుగొనుమన్నచో, పౌరశాస్త్రము, అర్థశాస్త్రము, చరిత్ర మూడును ఒకేసారి ఆమె బల్లమీదికి వచ్చును. తీర్పు ఆమెకే విడువవచ్చును.

ఈ కథ ఒకప్పుడు దేశమంతటికి పాఠమైన సంగతి ఇచట చాలమంది తల్లిదండ్రులకు తెలియకపోవచ్చును. 2007లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రకటించిన పండ్రెండవ తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకములో ప్రజోద్యమములను గూర్చిన అధ్యాయ మొకటి యుండెను. చిప్కో, దళిత పాంథర్లు, రైతుసంఘములు, నర్మదలతోపాటు సారా వ్యతిరేకోద్యమమును అందు చేరినది. దూబగుంట పేరు, వయోజనుల తరగతిలో స్త్రీలు మాటలాడుకొన్న సంగతి, అన్నియు అందు కలవు. దేశమున ఎక్కడికి బదిలీయైనను కేంద్రీయ విద్యాలయములో చదువు తెలుగుపిల్లవానికి, గౌహతిలోనైనను భోపాలులోనైనను, తన యూరి కూలిస్త్రీలను గూర్చి తన సహాధ్యాయులందరు చదువుట ఒక గర్వకారణముగ నుండెను. పాఠ్యభారమును తగ్గించు యేర్పాటులో భాగముగా ఆ అధ్యాయము తొలగింపబడి, 2023–24 విద్యాసంవత్సరపు పుస్తకములో లేకుండపోయినది. భారము తగ్గింపవలసినదే. పిల్లల సంచులను మోసి చూచిన తండ్రి ఎవడును కాదనడు. అయినను తరగతిగదిలో పుట్టిన ఉద్యమమును తరగతిగదినుండి తీసివేయుట బరువు తగ్గించుటలో ఏ లెక్కకు వచ్చునో ఆలోచింపదగును.

పుస్తకములో లేనిదానిని చెప్పుటకు సాంస్కృతిక సమాజములు కలవు. సెలవుదినములలో తెలుగు నేర్పు తరగతులలో సాధారణముగా పద్యములు, పండుగలు, సామెతలు చెప్పుదురు. అవి అవసరమే. వానితోపాటు వారమునకు ఒక్క గంట వార్తకు కేటాయించిన, భాషయు సంఘమును కలిసి వచ్చును. ఇందు కలకత్తాలోని తెలుగుపిల్లలకు ఆంధ్రదేశములోని పిల్లలకు లేని సదుపాయము కలదు. వీరు ఇంట తెలుగు విందురు. వీధిలో బంగాళీ మాటలాడుదురు. బడిలో ఇంగ్లీషు, హిందీ చదువుదురు. ఒకే దినమున ఒకే విషయమును ఆనందబజార్ పత్రికయు, టెలిగ్రాఫును, ఒక తెలుగు దినపత్రికయు ఎట్లు వ్రాసినవో ప్రక్కప్రక్కన పెట్టి చూడగలవారు ఎందరుందురు! శీర్షికలో కర్త ఎవరు, క్రియ యేది, ఎవరి మాటను ముందు వేసిరి, ఎవరి మాటను చివర ఒక్క వాక్యముతో సరిపెట్టిరి, అసలు ఎవరి మాటను అడుగనే లేదు అని వెదకుట పిల్లలకు ఆటవలె నుండును. వ్యాకరణము కూడ అందులోనే వచ్చును. ‘భూమిని సేకరించిరి’ అనుటకును ‘భూమి సేకరింపబడినది’ అనుటకును గల భేదమును ఇంతకంటె బాగుగా ఏ వ్యాకరణ గ్రంథము బోధించును?

భూమి మాట ఊరక వచ్చినది కాదు. న్యూ టౌన్ పిల్లలకు సమీపమున నున్న వార్త ఇదియే. హిడ్కో సంస్థ 1999లో ఏర్పడినది. అంతకుముందు ఈ నేల రాజర్‌హాట్ గ్రామముల పొలములు, చేపలచెరువులు. 1894 నాటి భూసేకరణ చట్టము క్రింద ఆ భూములను తీసికొనిరి. వెల చాలదని రైతులు మొఱపెట్టిరి, పోరాటములు జరిగినవి, వార్తలు వచ్చినవి. నగరము కావలసినదే, ఉద్యోగములు కావలసినవే, ఈ సభలో కూర్చున్నవారికి నివాసములును కావలసినవే. ఆ నేలను దున్నినవారి పిల్లలలో కొందరు నేడు ఈ భవనములకే కాపలా కాయుచున్నారు, ఈ యిండ్లలోనే పాత్రలు తోముచున్నారు. పదవ అంతస్తులోని బాలుడు సామాజికశాస్త్ర పుస్తకములో పట్టణీకరణమను మాటను కంఠస్థము చేయుచుండగా, లిఫ్టులో ఆతని పక్కన నిలుచున్న ముసలమ్మకు ఆ మాటయొక్క అర్థము పూర్తిగా తెలిసియుండును. ఆమెను అడుగవచ్చునని ఆతనికి ఎవరును చెప్పలేదు. పాత పత్రికలను తిరుగవేసి, ఆ తరువాత ఆమెను అడుగుటకు పోయిన బాలుడు, పత్రికలో ఏమి వచ్చినదో, ఏమి రాలేదో రెండును తెలిసికొనును.

తల్లిదండ్రులకు ఇందు ఒక జంకు కలుగుట సహజము. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమములు కలవు. ఎనిమిదవ నియమము పత్రికలతో సంబంధమును గూర్చి, తొమ్మిదవది ప్రభుత్వమును విమర్శించుటను గూర్చి. ఆ గీతను దాటవలెనని ఎవరును కోరరు. అయితే ఆ నియమములు ఉద్యోగికేగాని ఉద్యోగి కొమార్తెకు కావు. ఆమెకు జీతము ఇచ్చుట లేదు గదా. తరగతిలో తండ్రి మౌనముగా కూర్చుండవచ్చును. వాస్తవముగా పెద్దలు మౌనముగా నున్న తరగతిలోనే చర్చ బాగుగ సాగును.

చేతిఫోనులో వచ్చు వార్తలను గూర్చి వేరుగ చెప్పవలసినది కొంచెమే. పత్రికకు కనీసము చిరునామా యుండును, ముద్రాపకుని పేరు కడపటి పుటలో నుండును. వాట్సాపులో వచ్చు పటమునకు తల్లిదండ్రులు లేరు. అది మొదట ఎక్కడ పుట్టినదో వెనుకకు వెదకికొనిపోవుట పిల్లలు పెద్దలకంటె చురుకుగా చేయగలరు. వారము పొడుగున కుటుంబపు సమూహములలో వచ్చిన సందేశములలో ఒకదానిని తరగతికి తెచ్చి, దాని పుట్టుక కనుగొనుట మంచి అభ్యాసము. పంపినది పెదనాన్నగారైనచో ఆయన పేరు మాత్రము చెప్పనక్కరలేదు.

చర్చను నడపు పెద్దకు కావలసిన గుణము పాండిత్యము కాదు, ఓర్పు. పిల్లలు తప్పుదారిని పోవుదురు; ఇంటిలో విన్న మాటను తమ మాటగా చెప్పుదురు; కులము, మతము, ప్రాంతము మొదలైనచోట నొచ్చుకొందురు. ఆ క్షణమున చర్చను ఆపి నీతివాక్యము చెప్పినచో మరుసటి వారము వారు రారు, లేక వచ్చి నోరు విప్పరు. దూబగుంటలో వాచకము పట్టుకొన్న బోధకుడు చేసిన పని, స్త్రీలు మాటలాడుచున్నప్పుడు ‘ఇక అక్షరములకు వత్తము’ అని తొందరపెట్టకుండుట. అక్షరములు తరువాత వచ్చినవి.

మొదటి తరగతికి సామగ్రి కష్టము కాదు. ప్రజోద్యమముల అధ్యాయమున్న ప్రాత రాజనీతిశాస్త్ర పుస్తకము ఇంటర్ ముగించిన పిల్లలున్న ఇండ్లలో అటకమీద నుండవచ్చును. లేనిచో కళాశాల వీధిలో, ప్రెసిడెన్సీ ప్రాత ప్రాంగణపు గోడ పొడవునను గల పాతపుస్తకముల దుకాణములలో వెదకవచ్చును. నెల్లూరు ప్రాంతమునుండి వచ్చిన కుటుంబములలో ఆ రోజులు ఎరిగిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నచో, పుస్తకము తెరచుటకు ముందు వారిని పిలిచి కూర్చుండబెట్టి, ఆ పాఠములో చెప్పినది సరిగానున్నదో లేదో పిల్లలచేత అడిగింపవలెను.